బాగుపడినవారి బొమ్మ ఏదీ?

ఏటా జూన్ 26వ తేదీన మాదకద్రవ్య వ్యతిరేక దినం జరుపుకొంటున్నాము. ఐక్యరాజ్యసమితి 1987లో నిర్ణయించిన రోజు ఇది. ఆ సందర్భంగా ఒక కళాశాలవారు నన్ను ప్రసంగానికి ఆహ్వానించారు. సభామందిరం గోడలనిండా పుర్రెలు, పాడెలు, సంకెళ్ళ బొమ్మలు. సభ ముగిసిన పిదప ఒక విద్యార్థి తలవంచుకొని వచ్చి, "అయ్యా, అన్నీ చచ్చినవాళ్ళ బొమ్మలే పెట్టారు. బాగుపడినవాళ్ళు ఒక్కరూ లేరా?" అని అడిగాడు. తన కోసం అడిగాడో, అన్నదమ్ముల కోసం అడిగాడో నేను విచారించలేదు.

ప్రచారం ఫలించినదని ఎప్పుడు చెప్పగలం? వ్యసనగ్రస్తుడు గడప దాటి చికిత్సకు వచ్చినప్పుడు. మత్తు రుచి ఎరుగని బాలుడు పుర్రెబొమ్మ చూసి జడుసుకోవచ్చును. అలవాటుపడినవాడు మాత్రం తన కథ ముగిసినదనుకొంటాడు. తల్లిదండ్రులు పరువు పోవునని దాచుతారు. దాచిన వ్యాధి ముదురుతుంది.

చరకాచార్యులు చికిత్సాస్థానంలో మదాత్యయానికి ఒక అధ్యాయమే కేటాయించారు. జ్వరాన్ని వివరించినట్లే దానినీ లక్షణాలతో, చికిత్సతో వివరించారు. అనగా మద్యంవలన చెడినవానిని మన శాస్త్రం రోగిగా చూసింది. అహితమైన అలవాటును పాదాంశ క్రమంలో కొద్దికొద్దిగా విడుస్తూ, ఆ స్థానంలో హితమైనదానిని అలవరచుకోవాలని సూత్రస్థానంలో చెప్పారు. గురుకులంలో ఈ ఘట్టం బోధిస్తూ మా గురువుగారు, "మాన్పించడం సగం పని నాయనా, ఆ ఖాళీలో ఏమి పెడతావన్నది తక్కిన సగం" అనేవారు.

అయితే ఇది చదివి ఇంటిలోనే ప్రయోగాలు చేయరాదు. చిరకాలంగా అధికంగా మద్యం సేవించేవారు, నిద్రమాత్రలకు అలవాటుపడినవారు హఠాత్తుగా మానితే మూర్ఛలు, కలవరింతలు కలిగి ప్రాణాపాయం రావచ్చును. అట్టివారు ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. ఆయుర్వేద వైద్యుడనై ఉండి నేనే ఈ మాట చెబుతున్నాను. ఆ గండం గడిచాక ఆకలి, నిద్ర, దినచర్య కుదుటపరచడంలో మా వైద్యం చేయూతనిస్తుంది. రోగికి తెలియకుండా అన్నంలో కలపమని అమ్మే పొడులను నమ్మవద్దు. వాటిలో ఏమున్నదో తెలియదు. రోగి సమ్మతి లేని చికిత్స నిలువదు.

మరి గోడమీద ఏమి వ్రాయాలి? 14446 అనే ఉచిత టెలిఫోన్ సంఖ్య వ్రాయండి. వ్యసన విముక్తికి సలహా ఇచ్చే జాతీయ సహాయ కేంద్రం అది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 64ఎ సెక్షన్ గురించి వ్రాయండి. మత్తుపదార్థం వాడినందుకో, స్వల్ప పరిమాణంలో దగ్గర ఉన్నందుకో కేసులో చిక్కిన వ్యసనగ్రస్తుడు స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన సంస్థలో చికిత్స పొందితే, ఆ విచారణనుండి అతనికి రక్షణ గలదు. పోలీసు భయంతో బిడ్డను గదిలో దాచిన తల్లికి ఈ వాక్యం ఎంత ధైర్యమిస్తుందో ఆలోచించండి.

మాటలవలన ఏమవుతుందనేవారు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటను తలచుకోవాలి. అక్షరాస్యత తరగతులలో కూర్చున్న స్త్రీలు తమ ఇంటి దుఃఖాన్ని ఒకరితో ఒకరు చెప్పుకోవడంతో అక్కడ సారా వ్యతిరేకోద్యమం రాజుకొన్నది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వారు మొదట చేసినది, సిగ్గుపడి దాచినదానిని నలుగురిలో పలకడమే.

మానినవాడు మరల జారితే లోకం "చెప్పలేదా!" అంటుంది. జ్వరం తిరగబెట్టితే రోగిని తిడతామా? మరల పథ్యం పెట్టి మందిస్తాము. ఇక్కడా అంతే.

"ఉన్నారు నాయనా, నా చేతిమీదుగానే కొందరు కోలుకొన్నారు" అని ఆ విద్యార్థితో చెప్పాను. అతడు తల ఎత్తి చూశాడు. వచ్చే జూన్‌లో సభలు జరిపే పెద్దలకు నా మనవి ఒక్కటే. ఒక పుర్రెబొమ్మ తీసివేసి, సమ్మతించి వచ్చిన ఒక కోలుకొన్న మనిషిని ఆ వేదికపై కూర్చుండబెట్టండి.