చావు అందరికీ ఒక్కటే. మరి బతుకు?

పంజాగుట్ట చౌరస్తాలో నిలబడి చుట్టూ చూడండి మిత్రులారా. ఒక దిక్కు నిమ్స్ దవాఖాన. జిల్లాల నుంచి వచ్చిన మన జనం స్కానింగు కవర్లు చేతబట్టుకుని, సద్దిమూటలు పక్కన పెట్టుకుని కూర్చుంటారు. ఇంకో దిక్కు శ్మశానవాటిక. అమీర్‌పేట వైపు నడిస్తే కోచింగు సెంటర్ల బోర్డులు, గదికి నలుగురైదుగురు సర్దుకునే హాస్టళ్లు. రోగం, చావు, రేపటి మీద ఆశ. మూడూ రెండు మూడు బస్టాపుల ఎడంలోనే ఉన్నాయి.

చావు చెప్పి రాదు. 2007 సెప్టెంబరు 9న ఇదే పంజాగుట్టలో కడుతున్న ఫ్లైఓవర్ కూలి ప్రాణాలు పోయాయి. 2019 సెప్టెంబరు 22న అమీర్‌పేట మెట్రో స్టేషను కింద వానకు తలదాచుకున్న ఒక ఆడబిడ్డ మీద కాంక్రీటు పెచ్చు ఊడిపడింది. ఆమె ఇంటికి తిరిగి పోలేదు. రోజూ వేలమంది నడిచే దారి అది.

సంఘం పనిమీద ఊళ్లు తిరిగే ఒక తమ్ముడు ఈమధ్య అడిగాడు: "సార్, ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్నం. ఎట్లాగూ అందరం పోయేటోళ్లమే. ఊరు మాత్రం ఊరిలాగే ఉంటది. ఏం ఒరిగినట్టు?" ఇది అలసిపోయిన మనిషి అడిగే ప్రశ్న. నిజాయితీగల ప్రశ్న. ఉపన్యాసంతో దీన్ని దాటేయకూడదు. ఎందుకంటే ఈ ప్రశ్నకు మన శత్రువు దగ్గర రెండు వేల ఏళ్లుగా ఒక జవాబు రెడీగా ఉంది.

ఏమిటా జవాబు? పోయిన జన్మలో పాపం చేశావు కాబట్టి వెలివాడలో పుట్టావు. ఈ జన్మలో చెప్పిన చాకిరీ బుద్ధిగా చెయ్యి, వచ్చే జన్మలో మంచి ఇంట్లో పుడతావు. అంటే ఏమన్నట్టు? కూలి ఇప్పుడు ఇవ్వరు. చచ్చాక ఇస్తారు! పనికి మాత్రం పొద్దున్నే రావాలి. మనువు చావును కూడా వెట్టిచాకిరీకి వాడుకున్నాడు. ఇంతకంటే పెద్ద మోసం ప్రపంచంలో ఇంకోటి ఉందా?

ఊళ్లో చావు కబురు మోసింది ఎవరు? డప్పు కొట్టింది ఎవరు? గొయ్యి తవ్వింది, చచ్చిన గొడ్డును లాగింది ఎవరు? మనమే కదా! ఊరందరి చావుకూ చాకిరీ చేసి, మన శవానికి మాత్రం ఆరడుగుల జాగా కోసం, కాటిదారి కోసం కొట్లాడాల్సిన ఊళ్లు ఇవాళ్టికీ ఉన్నాయి. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూడనివాళ్లు మన పల్లెల్లో తక్కువ. ఆ సీనులో జాషువా గారి పద్యాలు పాడితే వన్స్‌మోర్ కొట్టని ఊరు లేదు. 1895లో వినుకొండలో పుట్టి, అంటరానితనం రుచి చూసిన మహాకవి ఆయన. కానీ కథ చూడండి. రాజు కాటికాపరి కావడం అందులో ఘోరమైన కష్టం. జనం కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తెల్లారేసరికి రాజుకు రాజ్యం తిరిగొస్తుంది. రాజుకు అది పరీక్ష. మన తాతలకు అది బతుకు. తరతరాలు కాడు కాసిన నిజం మనిషికి ఏ దేవుడు ప్రత్యక్షమయ్యాడు?

ఇక బుద్ధుడి సంగతి. సిద్ధార్థుడు ఒక ముసలివాణ్ణి, ఒక రోగిని, ఒక శవాన్ని చూసి ఇల్లు విడిచాడని మన పాఠ్యపుస్తకాల్లో చదివాం. బాబాసాహెబ్ ఈ కథను ఒప్పుకోలేదు. ఇరవై తొమ్మిదేళ్లు వచ్చేదాకా చావంటే ఏమిటో తెలియని మనిషి ఉంటాడా అని నిలదీశారు. రోహిణీ నది నీళ్లకోసం శాక్యులకూ కోలియులకూ తగాదా వచ్చిందనీ, యుద్ధం వద్దన్నందుకే సిద్ధార్థుడు దేశం విడవాల్సి వచ్చిందనీ 'బుద్ధుడు – ఆయన ధమ్మం' గ్రంథంలో రాశారు. ఇది చిన్న తేడా కాదు. శవాన్ని చూసి భయపడి పోయినవాడు తన ముక్తి వెతుక్కుంటాడు. నీళ్ల తగాదాలో న్యాయం పక్కన నిలిచినవాడు మనుషులు ఒకరితో ఒకరు ఎట్లా బతకాలో వెతుకుతాడు. మన ఊరి చెరువు కాడ, బోరింగు కాడ మనకు ఎదురయ్యే ప్రశ్న కూడా ఇదే.

బాబాసాహెబ్ బతుకే చూడండి. 1935 అక్టోబరు 13న యేవలాలో చెప్పారు. హిందువుగా పుట్టడం తన చేతిలో లేదు, హిందువుగా మాత్రం చావనన్నారు. పుట్టుక మన చేతిలో లేదు. చావు రాకుండా ఆపడం మన చేతిలో లేదు. ఈ రెంటి నడుమ ఏమై బతకాలి, ఏమై చావాలి అన్నది మాత్రం మన చేతిలో ఉంది. మాట ఇచ్చిన ఇరవై ఒక్క ఏళ్లకు, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలమందితో కలిసి బౌద్ధం తీసుకున్నారు. అప్పటికే ఏళ్ల తరబడి షుగరు జబ్బు, కాళ్లనొప్పులు. దీక్ష తీసుకున్న తర్వాత ఆయన బతికింది 53 రోజులు. డిసెంబరు 6న ఢిల్లీలో నిద్రలోనే పోయారు. ఆ చివరి రోజుల్లో కూడా బుద్ధుడి మీద పుస్తకం పనిలోనే ఉన్నారు. అది 1957లో అచ్చయింది. అచ్చయిన పుస్తకాన్ని ఆయన చూడలేదు. చూడనంత మాత్రాన ఆ కష్టం వృథా అయిందా? లక్షల ఇళ్లలో ఇవాళ ఎవరు చదువుతున్నారు దాన్ని?

మన హైదరాబాదు మాటే తీసుకుందాం. భాగ్యరెడ్డివర్మ 1888లో పుట్టి 1939లో పోయారు. బతికింది యాభై ఏళ్లు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఈ నగరంలో మన పిల్లలకు బడి తెరిచారు. ఆయన స్వతంత్రం చూడలేదు. రాజ్యాంగం చూడలేదు. మన పిల్లలు డాక్టర్లు, కలెక్టర్లు కావడం చూడలేదు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్న మనిషి వాళ్లింట్లో మొదటి గ్రాడ్యుయేటు. అమ్మానాయనలకు సంతకం రాదు. మరి నా చదువు ఎక్కడి నుంచి వచ్చింది? నేను పుట్టకముందే పోయిన ఎందరో కట్టిన ఫీజు అది. "ఏం ఒరిగింది" అని అడిగిన తమ్ముడికి నేను చెప్పేది ఇదే: ఒరిగినదానివి నువ్వే, నేనే. ఆ బాకీ మనం పోయినవాళ్లకు తీర్చలేం. రాబోయే పిల్లలకే కట్టాలి.

2024 అక్టోబరు 12న ఇదే నిమ్స్‌లో ప్రొఫెసర్ సాయిబాబా కన్నుమూశారు. అమలాపురం బిడ్డ. చిన్నప్పుడే పోలియో, 90 శాతం వైకల్యం. ఢిల్లీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. 2014లో అరెస్టు, 2017లో జీవితఖైదు, 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి నిర్దోషి అన్నది. బయటికొచ్చి బతికింది ఏడు నెలలు. ఆయన రాజకీయాలను ఒప్పుకోవడం, ఒప్పుకోకపోవడం వేరే చర్చ. పోయాక ఆయన కళ్లు ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రికి, దేహం గాంధీ మెడికల్ కాలేజీకి వెళ్లాయి. ఏళ్ల తరబడి అండా సెల్లులో బంధించిన దేహం చివరికి డాక్టరు పిల్లలకు పాఠం అయింది.

దీంట్లో మనకు ఇంకో పాఠం ఉంది. అవయవదానం చూసే జీవన్‌దాన్ కార్యాలయం నిమ్స్‌లోనే ఉంది. అక్కడ కిడ్నీకోసం పేరు రాయించుకున్నవాడు రక్తం గ్రూపు కలిసిందా అని అడుగుతాడు. గోత్రం కలిసిందా అని అడగడు. మన నీడ పడితే మైలపడిన దేహాలు మన గుండెను పెట్టుకుని బతకగలవన్నమాట! మనువు రాసినదంతా ఒక్క ఆపరేషన్ టేబులు మీద అబద్ధమని తేలిపోతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఉద్యమం అంటే చావడం కాదు. మన సభల్లో అమరుల పేర్లు చదువుతాం, చదవాలి కూడా. కానీ వినే పిల్లలకు ప్రాణం తీసుకోవడమే గొప్ప అన్న అర్థం పోకూడదు. సావిత్రీబాయి ఫూలే 1897లో ప్లేగు రోగులకు సేవ చేస్తూ ఆ రోగంతోనే పోయారు. ఆమె చావును వెతుక్కుంటూ పోలేదు, బతికించడానికి పోయారు. అమీర్‌పేట హాస్టలు గదిలో, ర్యాంకు రాలేదనో, జాబు రాలేదనో, ఎవడో కులం పేరుతో అవమానించాడనో తల దించుకుని కూర్చున్న తమ్ముడా, చెల్లీ! పరీక్ష పోతే మళ్లీ రాయొచ్చు. నువ్వు పోతే మీ ఊరు మళ్లీ నిన్ను కనలేదు. మనసు బాగోలేకపోతే ఎవరో ఒకరితో మాట్లాడు. సర్కారు టెలిమానస్ నంబరు 14416, పైసా ఖర్చు లేదు. మా సంఘాలవాళ్ల తలుపు కూడా తట్టు.

మన సంఘాల్లో ఒక అలవాటు పోవాలి. కార్యకర్త మంచాన పడితే ఇద్దరు వస్తారు. పోయాక రెండువందల మంది వస్తారు, ఫ్లెక్సీ కడతారు. ఆ ఫ్లెక్సీ ఖర్చుతో ముందే షుగరు మందులు వచ్చేవి కదా! కాబట్టి ప్రతి ఊరి సంఘం ఈ పక్షం నాలుగు పనులు మాట్లాడుకోవాలి.

ఒకటి, దినాలకు, పెద్దకర్మకు అప్పు చేయొద్దు. పిండం పెట్టనన్నది నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి. ఆ డబ్బుతో పోయినవారి పేరున ఒక పిల్లకు పుస్తకాలు కొనండి.

రెండు, ఊరి నుంచి పట్నం దవాఖానకు వచ్చిన మనవాళ్ల దగ్గర వంతుల వారీగా ఉండాలి. రక్తం ఇవ్వాలి, అన్నం తేవాలి, ఆరోగ్యశ్రీ కాగితాలు చూడాలి.

మూడు, కళ్లు ఇస్తామని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. ప్రాణం పోయిన ఆరు గంటల లోపే కళ్లు తీయాలి, అందుకే వెంటనే కబురు అందాలి. ఇంటి దగ్గర పోయినా కళ్లు ఇవ్వొచ్చు. కిడ్నీ, గుండె లాంటివి ఆసుపత్రిలో బ్రెయిన్‌డెడ్ అని తేల్చిన తర్వాతే తీస్తారు.

నాలుగు, భూమి కేసుల కాగితాలు, అట్రాసిటీ కేసుల ఫైళ్లు ఒక్క మనిషి ట్రంకుపెట్టెలో ఉండకూడదు. ఆ పని ఇంకో ఇద్దరికి, అందులో ఒక ఆడమనిషికి నేర్పాలి. మనిషితో పాటు కేసు కూడా చావకూడదు.

పోయినవాడు పోయినట్టేనా? 2019 ఏప్రిల్ 13న ఇదే పంజాగుట్టలో నిలబెట్టిన అంబేద్కర్ విగ్రహాన్ని పీకి లారీలో వేసి జవహర్‌నగర్ చెత్త డంపు దాకా తీసుకుపోయారు. ఆయన పోయి అప్పటికి అరవై రెండేళ్లు దాటింది. జనం ఊరుకోలేదు. 2023లో అదే పంజాగుట్టలో విగ్రహం లేచి నిలబడింది. ఆయన దేహం 1956లోనే కాలిపోయింది. ఆయన పెట్టిన పని మాత్రం ఆగలేదు.

ఉన్నది ఒక్కటే బతుకు. అందుకే దాన్ని వెట్టికి ఇవ్వం, సారాకు ఇవ్వం, వచ్చే జన్మ అప్పుకు తాకట్టు పెట్టం. చదువుదాం, చదివిద్దాం. మనం నాటిన చెట్టు నీడన మనం కూర్చోకపోవచ్చు. మన పిల్లలు కూర్చుంటారు. అది చాలు.

జై భీమ్!