దొంగ రేడియో యను నింద



రేడియోలో మాటలాడు మనిషి కంటికి కానరాదు. అయినను ఆ కంఠమునకు ఇంటి మనిషికుండు చనువు కలదు. పొయ్యి మీద పప్పు ఉడుకుచుండగా, పిల్లకు జడ వేయుచుండగా అది మనతోపాటు ఇల్లంతయు తిరుగుచుండును. విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన పిమ్మట మా నడికుడి వంటి పలనాటి గ్రామములకు అట్టి చుట్టరికము ఏర్పడినది. అది సర్కారు కేంద్రము. దానికి భవనములును, ఉద్యోగులును, ఎత్తయిన స్తంభములును గలవు. ఇవి యేవియు లేక, సర్కారు అనుమతియు లేక, చిన్న యంత్రమొకటి దగ్గర పెట్టుకొని లోకముతో మాటలాడినవారును గలరు. వారి కేంద్రములకు 'దొంగ రేడియో' లని పేరు. ఈ నెల వారిని గూర్చి ముచ్చటించుకొందము.

ఈ పేరు ఇంగ్లండులో మిక్కిలి వాడుకకెక్కినది. 1964లో 'రేడియో కరోలిన్' అను కేంద్రమును ఒక ఓడ మీద నెలకొల్పి, ఆ దేశపు చట్టము చేరని సముద్రముపై నిలిపి, యువజనులు కోరిన పాటలను వినిపించిరి. అట్టి ఓడలకు తోడ్పడుట నేరమని 1967లో పార్లమెంటు చట్టము చేసినది. ఆ యేడే బి.బి.సి. వారు పాటలకై వేరొక కేంద్రమును తెరచి, ఓడలపై మాటలాడిన వారిలో కొందరిని పిలిచి కొలువులిచ్చిరి! జనులకు కావలసినదేదో సర్కారు వారికంటె ముందు ఆ 'దొంగ'లే గ్రహించిరన్నమాట.

మన దేశమున అనుమతి లేని రేడియో పాటలకొరకు పుట్టలేదు. 1942 ఆగస్టులో 'క్విట్ ఇండియా' ఉద్యమము చెలరేగి, నాయకులందరు చెరసాలల పాలై, పత్రికల నోళ్లు మూయబడినప్పుడు, బొంబాయిలో ఉషా మెహతా అను ఇరువది రెండేండ్ల యువతి తన మిత్రులతో కలిసి రహస్యముగా కాంగ్రెసు రేడియోను నడిపెను. పోలీసులు జాడ తీయకుండుటకై యంత్రమును ఒక యింటినుండి మరియొక యింటికి మార్చుచుండిరి. పత్రికలు అచ్చు వేయలేని వార్తలను ఆ రేడియో దేశమునకు చాటెను. నవంబరు 12వ తేదీన పోలీసులు తలుపులు పగులగొట్టి వారిని పట్టుకొనిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడెను. 1946లో విడుదల యయ్యెను. నాడు నేరస్థురాలనిపించుకొన్న ఆ వనితనే 1998లో స్వతంత్ర భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదముతో గౌరవించినది.

అది పరప్రభుత్వపు కాలము. స్వరాజ్యము వచ్చిన పిదప గూడ మన తెలుగు స్త్రీలకు ఇట్టి యనుభవమే కలుగుట విచారింపదగినది. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో పొదుపు సంఘముల స్త్రీలు 2002 అక్టోబరులో 'మన రేడియో' అను పేర చిన్న కేంద్రమును ప్రారంభించిరి. దాని ధ్వని ఊరి పొలిమేరలు దాటునంతటిదియు గాదు. తమ యూరి సంగతులను తమ యూరివారికి తామే చెప్పుకొనిరి. 2003 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వాధికారులు వచ్చి, లైసెన్సు లేదని యంత్రమును పట్టుకొనిపోయిరి. నాటికి అమలులో నున్నది 1885 నాటి టెలిగ్రాఫు చట్టము! పల్లె స్త్రీల సంఘమునకు లైసెన్సు కోరు త్రోవయే అప్పటికి లేకుండెను. విద్యాసంస్థలకు మాత్రము 2002 డిసెంబరులో ఆ వీలు కల్పించిరి.

జహీరాబాదు సమీపమున మాచనూరు స్త్రీలు వేరొక మార్గము పట్టిరి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని ఈ దళిత స్త్రీలకు యంత్రములును, నేర్పును గలిగినను అనుమతి మాత్రము దొరకలేదు. వారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. విత్తనములు, చిరుధాన్యములు, మందు మొక్కలు, పండుగ పాటలు మున్నగువానిని గూర్చి టేపులలో నింపి, సంఘముల కూటములలో వినిపించుచు సుమారు పదియేండ్లు ఓపిక పట్టిరి. స్వచ్ఛంద సంస్థలకు గూడ లైసెన్సు ఇయ్యవచ్చునని 2006లో ప్రభుత్వము అంగీకరించిన పిమ్మట, 2008 అక్టోబరు 15వ తేదీన వారి 'సంఘం రేడియో' ఆకాశమునకెక్కెను. దానిని ప్రారంభించినవారు జస్టిస్ పి.బి. సావంతు గారు. ఆకాశ తరంగములు ప్రజల సొత్తని 1995లో సుప్రీంకోర్టు తీర్పు వ్రాసినవారిలో ఆయన యొకరు. అచట నర్సమ్మ యను పేరు గల స్త్రీలిరువురు యంత్రములను నడుపుచు, శ్రోతలతో తమ మాండలికముననే మాటలాడిరి.

చట్టమే వలదని నేననను. ఒక తరంగముపై నిరువురు మాటలాడినచో ఇరువురును వినబడరు. విమానముల వారి సంకేతములకు అడ్డు వచ్చినచో ప్రాణములకే ముప్పు. కట్టుబాటు ఉండవలసినదే. కాని కట్టుబాటు వేరు, నోరు నొక్కుట వేరు. అడుగుటకు త్రోవ చూపక, అడుగనందులకు దండించుట న్యాయమగునా? 'దొంగ' యను మాట పరుల సొమ్ము హరించిన వానికి చెల్లును. ఓర్వకల్లు స్త్రీలు హరించినది ఎవరి సొమ్ము?

పెద్ద కేంద్రములు రాష్ట్రమంతటికి ఒకే మాట చెప్పును. మా పలనాటి మిరప తోటకు పట్టిన తెగులును, కాలువకు నీరు వదలు దినమును, కూలికి పోవు తల్లి బిడ్డను చూచువారు లేని చిక్కును ఆ యూరి కంఠమే చెప్పవలెను. నేడు రిజిస్టరైన స్వచ్ఛంద సంస్థలు లైసెన్సు కోరుటకు వీలున్నది. మన గ్రామములలో పొదుపు సంఘములును గలవు. లైసెన్సు వచ్చువరకు ఊరకుండ నక్కరలేదు. మాచనూరు సోదరీమణులవలె ముందుగా మీ యింటి అవ్వ పాడు దంపుళ్ల పాటను, ఆమె యెరిగిన చిట్కా వైద్యమును, ఆమె చూచిన కరవు కథను చేతిలోని ఫోనులోనే నింపి, మీ సంఘపు కూటములో వినిపింపుడు. ఆ కంఠములు మరల దొరకునవి కావు.