తెర మీద పేలిన తుపాకీ ఎక్కడి నుంచి వచ్చింది?

2023 ఏప్రిల్ 15 రాత్రి. ప్రయాగ్‌రాజ్‌లో పోలీసులు వైద్య పరీక్షల కోసం తీసుకొచ్చిన మాజీ ఎంపీ అతీక్ అహ్మద్, ఆయన తమ్ముడు అష్రఫ్ టీవీ కెమెరాల ముందు మాట్లాడుతున్నారు. విలేకరుల వేషంలో వచ్చిన ముగ్గురు యువకులు అతి దగ్గర నుంచి కాల్పులు జరిపారు. కొన్ని సెకన్లలో అంతా అయిపోయింది. దేశం ఆ దృశ్యాన్ని మళ్లీ మళ్లీ చూసింది.

మర్నాటికల్లా అంతకుముందు చాలామంది వినని ఒక పేరు వార్తల్లో మార్మోగింది. జిగానా. టర్కీలో తయారయ్యే సెమీ ఆటోమేటిక్ పిస్టల్ అది. ఆ పేరు ఇంటింటికీ తెలిసింది. సాధారణ కుటుంబాల నుంచి వచ్చిన కుర్రాళ్ల చేతికి ఆ విదేశీ ఆయుధం ఎలా చేరిందన్న ప్రశ్న మాత్రం ఆ పేరు వెళ్లినంత దూరం వెళ్లలేదు.

క్రైమ్ సినిమాలు, వెబ్ సిరీస్‌లు చూసేటప్పుడూ జరుగుతున్నది ఇదే. హీరో చేతిలో ఉన్నది గ్లాకా, బెరెట్టానా అని సీన్ ఆపి మరీ చెప్పగలిగే కుర్రాళ్లు ఇప్పుడు ఊరూరా ఉన్నారు. ఆ తుపాకీ ఎవరు తయారు చేశారు, ఎవరు అమ్మారు, తూటాలు ఎక్కడివి అని అడిగేవాళ్లు తక్కువ. నిజానికి తుపాకీని సరిగ్గా గుర్తుపడితే ఈ ప్రశ్నల్లో సగానికి జవాబు దానిలోనే దొరుకుతుంది.

ఏం చూస్తే తెలుస్తుంది?

గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. మధ్యలో గుండ్రంగా తిరిగే డ్రమ్ము ఉంటే రివాల్వర్. పిడిలోకి మ్యాగజైన్ ఎక్కిస్తే పిస్టల్. పిస్టల్ పేలిన ప్రతిసారీ పైన ఉండే స్లయిడ్ వెనక్కి వెళ్లి ఖాళీ షెల్ పక్కకు ఎగిరిపడుతుంది. రివాల్వర్‌లో ఖాళీ షెల్స్ డ్రమ్ములోనే ఉండిపోతాయి. అందుకే రివాల్వర్ పేల్చిన చోట నేల మీద షెల్స్ చెల్లాచెదురుగా కనిపిస్తే అది దర్శకుడి పొరపాటే.

గ్లాక్ పిస్టల్‌కు బయటకు కనిపించే హ్యామర్ ఉండదు. అయినా విలన్ దాన్ని ఎదుటివాడి నుదుటికి ఆనించగానే హ్యామర్ లాగినట్టు 'క్లిక్' మనే శబ్దం వినిపిస్తుంది. అది సౌండ్ ఇంజినీర్ కలిపింది. స్లయిడ్ కదలకుండా గొట్టం చివర మంట ఒక్కటే కనిపించిందంటే, నటుడి చేతిలో ఉన్నది నమూనా, మంటను తర్వాత కంప్యూటర్‌లో కలిపారని అర్థం.

నమూనాలు వాడటం తప్పేమీ కాదు. 2021 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో 'రస్ట్' సినిమా సెట్‌లో రివాల్వర్‌లోకి అసలు తూటా చేరి, అది పేలడంతో సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోయారు. అలాంటి చావు కంటే అబద్ధపు మంట వెయ్యి రెట్లు నయం. కాబట్టి ఇక్కడ చూడాల్సింది తుపాకీ అసలుదా, నకిలీదా అని కాదు. కథలో ఆ పాత్ర చేతికి ఆ ఆయుధం నిజంగా దొరుకుతుందా అని.

చట్టం గీసిన గీత, కట్టా పుట్టిన చోటు

మన దేశంలో దొరికే ఆయుధాల తీరును ఎక్కువగా నిర్ణయించింది 1959 నాటి ఆయుధాల చట్టం. సైన్యం, పోలీసులు వాడే .303, 9 ఎంఎం వంటి బోర్లు సామాన్యులకు నిషిద్ధం. లైసెన్సు ఉన్న పౌరుడికి దొరికేవి .32 రివాల్వర్, .315 రైఫిల్, 12 బోరు తుపాకీ వంటివి. .315 రైఫిళ్లను, వాటి తూటాలను ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలే తయారు చేస్తూ వచ్చాయి.

ఉత్తరాదిలో కట్టా, తమంచా అని, మన పత్రికల్లో తపంచా అని పిలిచే నాటు పిస్టల్ ఈ గీత పక్కనే పుట్టింది. ఒకసారికి ఒకే తూటా. వాహనాల స్టీరింగ్ రాడ్లు, ఇనుప గొట్టాలే దాని బ్యారెల్. అది ఎక్కువగా .315 లేదా 12 బోరు తూటాకు సరిపోయేలా ఉంటుంది. కారణం సులువు. తుపాకీని కొలిమిలో చేయవచ్చు కానీ నమ్మకంగా పేలే తూటాను చేయడం కష్టం. అందుకే బజారులో ఏ తూటా దొరుకుతుందో దానికి తగ్గట్టు తుపాకీ తయారవుతుంది. లైసెన్సు మీద కొన్న తూటాలు పక్కదారి పట్టకపోతే కట్టా ఉత్త ఇనుప గొట్టమే. అంటే నాటు తుపాకీ వెనుక కూడా చట్టబద్ధమైన వ్యాపారం నీడ ఉంది.

బిహార్‌లోని ముంగేర్ ఈ కథకు కేంద్రం. 1760ల ఆరంభంలో బెంగాల్ నవాబు మీర్ ఖాసిం తన రాజధానిని అక్కడికి మార్చి ఆయుధాల తయారీని నెలకొల్పాడు. ఆ నైపుణ్యం తరాలుగా నిలిచింది. లైసెన్సు ఉన్న తుపాకుల తయారీ అక్కడ ఇప్పటికీ ఉంది. ఆర్డర్లు తగ్గి పని లేని చేతుల్లో కొన్ని చీకటి కొలుముల వైపు మళ్లాయి. 2018లో కథ ఇంకో మలుపు తిరిగింది. జబల్‌పూర్‌లోని కేంద్ర ఆయుధ డిపో నుంచి దొంగతనంగా తరలిన ఏకే-47 రైఫిళ్లు ముంగేర్ పరిసరాల్లో బయటపడ్డాయి. కొన్నింటిని పోలీసులు ఒక బావిలోంచి తీశారు. సినిమాల్లో గ్యాంగ్‌స్టర్ చేతికి ఏకే ఎలా వచ్చిందో ఎవరూ చెప్పరు. ఇక్కడ జవాబు ప్రభుత్వ గోదాములోనే ఉంది.

వాసేపూర్ చెప్పిన నిజం

ఈ వ్యవహారాన్ని పట్టించుకున్న సినిమాలు లేకపోలేదు. అనురాగ్ కశ్యప్ 2012లో తీసిన 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్' ధన్‌బాద్ బొగ్గు మాఫియా కథ. అందులో ఫైజల్ ఖాన్ పిస్టళ్లు కొనడానికి బనారస్ వెళతాడు, తిరుగు ప్రయాణంలో పోలీసులకు దొరికిపోతాడు. అమ్మినవాడే సమాచారం ఇచ్చాడని తర్వాత తెలుస్తుంది. రెండో భాగంలో డెఫినిట్ అనే కుర్రాడు శత్రువును చంపబోయే క్షణంలో తుపాకీ మొరాయిస్తుంది. వేటగాడే ప్రాణభయంతో పరుగు అందుకుంటాడు. థియేటర్లో నవ్వు పుట్టించిన ఆ సీన్ నాటు ఆయుధాల గురించిన నిక్కమైన నిజం. అవి మొరాయిస్తాయి, ఒక్కోసారి పట్టుకున్న చేతిలోనే పగులుతాయి.

2018లో వచ్చిన 'మీర్జాపూర్' సిరీస్‌లో తివాచీల వ్యాపారం ముసుగు, అసలు సరుకు కట్టాలు. కథ మొదట్లోనే పెళ్లి ఊరేగింపులో సరదాకి పేల్చిన తూటా వరుణ్ణి బలి తీసుకుంటుంది. ఉత్తరాది పెళ్లిళ్లలో ఇలాంటి చావులు కల్పన కాదు. 2019 డిసెంబరులో పార్లమెంటు ఆయుధాల చట్టాన్ని సవరించి, ఇతరుల ప్రాణాలకు ముప్పు తెచ్చే వేడుక కాల్పులకు రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించేలా నిబంధన పెట్టింది. అక్రమ తయారీ, అమ్మకాలకు కనీస శిక్షను మూడేళ్ల నుంచి ఏడేళ్లకు, గరిష్ఠ శిక్షను యావజ్జీవానికి పెంచింది.

అయితే ఈ సిరీస్‌కు ఇంకో ముఖం ఉంది. కట్టా ఒక బెదిరింపు సరుకు స్థాయి నుంచి ఫ్యాషన్ స్థాయికి ఎదిగింది. నడుముకు తపంచా దోపుకుని తీసుకున్న ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టి అరెస్టయ్యే కుర్రాళ్ల వార్తలు ఉత్తరప్రదేశ్, బిహార్‌లలో కొత్త కాదు. ఆయుధం ఎక్కడిదో చూపిన కథ, దాని ఆకర్షణను కూడా పెంచగలదు.

ఒక అంకె తేడా

తెర మీద వంపు తిరిగిన మ్యాగజైన్ ఉన్న ప్రతి రైఫిల్‌నూ మనం ఏకే-47 అనేస్తాం. చైనా తయారీ టైప్ 56ను మన దేశంలో ఏకే-56 అంటారు. రెంటికీ తేడా కంటికి కనిపించేదే. చైనా రైఫిల్‌లో గొట్టం చివరనున్న గురి ముల్లు చుట్టూ నిండు వలయం ఉంటుంది, రష్యన్ రైఫిల్‌లో పైభాగం తెరిచి ఉంటుంది. 1993 ముంబై పేలుళ్ల కేసులో నటుడు సంజయ్ దత్ అక్రమంగా ఉంచుకున్నట్టు రుజువైన ఆయుధాల్లో ఏకే-56 ఉంది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు ఆయనకు ఐదేళ్ల శిక్ష ఖరారు చేసింది. నిషిద్ధ ఆయుధానికి అప్పటి చట్టం ప్రకారం అదే కనీస శిక్ష. లైసెన్సు లేని మామూలు తుపాకీకి అప్పట్లో కనీస శిక్ష ఏడాదే. ఆయుధం ఏ తరగతిదన్నది సినిమా పిచ్చివాళ్ల వాదన కాదు. ఒక మనిషి ఎన్నేళ్లు జైల్లో ఉండాలన్న లెక్క.

తొందరపాటు గుర్తింపుతో ఇబ్బందీ ఉంది. 2022 మే 29న పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా హత్య జరిగిన తొలి రోజుల్లో ఏఎన్-94 అనే అరుదైన రష్యన్ రైఫిల్ పేరు వార్తల్లో హోరెత్తింది. జులై 20న అమృత్‌సర్ జిల్లాలో ఇద్దరు అనుమానితుల ఎన్‌కౌంటర్ తర్వాత పోలీసులు చూపించినవి ఒక ఏకే-47, ఒక పిస్టల్. అరుదైన పేరు హత్యకు సినిమా రంగు పులుముతుంది. మామూలు పేరు సరఫరా దారి వైపు చూపు మళ్లిస్తుంది.

ప్రయోగశాలలో తేలే కథ

తుపాకీ గుర్తింపు మీదే న్యాయం ఆధారపడిన కేసులున్నాయి. 1999 ఏప్రిల్‌లో ఢిల్లీలో జెస్సికా లాల్‌ను చంపిన .22 పిస్టల్ చివరి వరకూ దొరకలేదు. దొరికిన రెండు ఖాళీ షెల్స్ రెండు వేర్వేరు తుపాకులవన్న వాదన 2006 ఫిబ్రవరిలో నిందితులు నిర్దోషులుగా బయటపడటానికి తోడ్పడింది. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. 2010లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2011లో ఈ కేసుపై 'నో వన్ కిల్డ్ జెస్సికా' సినిమా వచ్చింది.

2017 సెప్టెంబరు 5న బెంగళూరులో గౌరీ లంకేశ్ హత్య జరిగింది. అంతకు రెండేళ్ల ముందు ధార్వాడ్‌లో కన్నడ పండితుడు ఎం.ఎం. కల్బుర్గిని కాల్చి చంపారు. ఈ రెండు హత్యల్లో వాడింది ఒకే 7.65 ఎంఎం నాటు పిస్టల్ అని కర్ణాటక ఫోరెన్సిక్ ప్రయోగశాల తేల్చింది. వేర్వేరు నగరాల్లో విడివిడి నేరాలుగా కనిపించినవాటిని ఒక గుంపు పనిగా చూడటానికి ఆ గుర్తింపు బలమైన ఆధారమైంది.

అయితే ముడి గొట్టంతో చేసిన కట్టాలతో ఈ పని అంత సులువు కాదు. కర్మాగారంలో తయారైన తుపాకీ గొట్టం లోపల మెలి గాడులుంటాయి. అవి తూటా మీద గీతలు వదులుతాయి. నున్నటి గొట్టం అలాంటి సంతకం పెట్టదు. అప్పుడు నిపుణులకు మిగిలేది ఖాళీ షెల్ అడుగున ఫైరింగ్ పిన్ చేసిన గుర్తు. హంతకుడు ఆ షెల్‌ను తీసుకుపోతే అదీ ఉండదు. చవక ఆయుధం నేరస్తుడికి ఇచ్చే అసలు లాభం ఇక్కడుంది.

మన తెర సంగతి

తెలుగు సినిమా ఒకప్పుడు ఈ విషయంలో నేలకు దగ్గరగా ఉండేది. 1989లో 'శివ'లో సైకిల్ చైను ఆయుధమైంది. ఫ్యాక్షన్ సినిమాల్లో వేటకొడవళ్లు, నాటు బాంబులు కనిపించేవి. ఎంత అతి చేసినా, అవి ఎక్కడ తయారవుతాయో ప్రేక్షకుడికి తెలుసు. 1998లో రాంగోపాల్ వర్మ తీసిన 'సత్య' ముంబై ముఠాల మధ్య తుపాకీ ఎంత మామూలు వస్తువో చూపించింది.

ఇప్పుడు పాన్ ఇండియా సినిమాల్లో, డబ్బింగ్ సినిమాల్లో పతాక సన్నివేశానికి ఒక పెద్ద మెషీన్ గన్ తప్పనిసరి అయింది. దాని బరువెంత, తూటాలు ఎవరు మోశారు, ఏ సరిహద్దు దాటి వచ్చింది అన్న ప్రశ్నలకు చోటుండదు. మరోపక్క పోలీసు పాత్రల చేతుల్లో మెరిసే విదేశీ ఆయుధాలు. 2008 నవంబరు 26 రాత్రి ముంబై సీఎస్‌టీ స్టేషన్‌లో ఏకేలతో వచ్చినవాళ్లను ఎదుర్కొన్న సిబ్బంది దగ్గరున్నవి పాత రైఫిళ్లు, లాఠీలు. ఉత్తరప్రదేశ్ పోలీసులు .303 రైఫిల్‌కు వీడ్కోలు పలికింది 2020 గణతంత్ర దినోత్సవం రోజున. తెర మీద పోలీసుకు ఏ లోటూ లేనట్టు చూసి చూసి, నిజంలో ఉన్న లోటు గురించి అడగడం మానేస్తాం.

హైదరాబాద్‌లో నాటు పిస్టళ్లు పట్టుబడిన కేసుల్లో తరచూ బిహార్, ఉత్తరప్రదేశ్ పేర్లు వినిపిస్తాయి. పంజాబ్ సరిహద్దులో కొన్నేళ్లుగా డ్రోన్లు పిస్టళ్లు జారవిడుస్తున్నాయి. పాకిస్తాన్‌లోని దర్రా ఆదం ఖేల్‌లో ఏ విదేశీ తుపాకీకైనా నకలు చేయగల పనివాళ్లు తరాలుగా ఉన్నారు. అంటే పిస్టల్ మీద చెక్కిన విదేశీ పేరు కూడా అది విదేశంలోనే తయారైందనడానికి రుజువు కాదు.

ప్రయాగ్‌రాజ్ వీడియోను చూసిన కోట్లమందికి జిగానా పేరు గుర్తుండిపోయింది. ఇకపై ఏ క్రైమ్ సినిమాలోనైనా పాత్రధారి నడుము నుంచి తుపాకీ తీసినప్పుడు మోడల్ పేరుతో పాటు ఇంకొక్క ప్రశ్న వేసుకోవచ్చు. ఇది ఇతని చేతికి ఇచ్చిందెవరు? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే సినిమాలు మనకు కొన్నే ఉన్నాయి. జవాబు చెప్పాల్సిన దర్యాప్తులు మాత్రం ఏటా వేల సంఖ్యలో నమోదయ్యే ఆయుధ కేసుల్లో ఉన్నాయి. వాటిలో చాలావరకు తుపాకీ పట్టుకున్నవాడి దగ్గరే ఆగిపోతాయి.