చూర్ణంతో నిద్ర రావచ్చు, అప్పు తీరదు

అనంతపురం మెట్ట గ్రామాల్లో ఎవరిని పలకరించినా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదనే మాట తరచుగా వినిపిస్తోంది. అదనులో వాన పడలేదని ఒకరికి దిగులు. బోరులో నీరు అడుగంటిందని ఇంకొకరికి. బ్యాంకు నోటీసు వచ్చిందని, బిడ్డ పెళ్లి కుదిరినా సొమ్ము సమకూడలేదని మరికొందరికి. నాలుగు రోజుల దిగులు ఎవరికైనా ఉండేదే. అది నెలల తరబడి సాగితే మాత్రం ఒంటిని పట్టుకుంటుంది. ఆకలి మందగిస్తుంది, గుండె దడ వస్తుంది, చీటికీ మాటికీ ఇంట్లోవాళ్ల మీద విసుగు పుడుతుంది, రక్తపోటు పెరుగుతుంది. దీన్నే డాక్టర్లు దీర్ఘకాలిక మానసిక ఒత్తిడి అంటున్నారు.

ఈ బాధకు మనవారు ముందుగా ఆశ్రయించేది మూలికలనే. రాత్రి పాలలో పెన్నేరు గడ్డ చూర్ణం, సరస్వతాకు పచ్చడి, తులసి కషాయం తరతరాలుగా వాడుకలో ఉన్నవే. ఇవి చేతికందే దూరంలో ఉంటాయి, ఖర్చు తక్కువ. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. మనసుకు వైద్యం చేసే డాక్టరు దగ్గరకు వెళితే పిచ్చి పట్టిందని ఊరంతా అనుకుంటుందనే భయం. చూర్ణం తింటే ఆ మాట రాదు. అందుచేత మూలికల జోలికే పోవద్దని చెప్పడం తెలివైన పని కాదు. ఏది, ఎంత, ఎవరికి పనికివస్తుందో చెప్పడమే సరైన పని.

అశ్వగంధ అనే పెన్నేరు గడ్డలో గుణం లేకపోలేదు. 2012లో హైదరాబాదులోని మానసిక వైద్యులు ఒత్తిడితో బాధపడుతున్న 64 మందిపై దీన్ని పరీక్షించి ఫలితాలు ప్రకటించారు. సగం మందికి వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, మిగతా సగానికి మందు లేని ఉత్తుత్తి మాత్రలు 60 రోజులు ఇచ్చారు. మందు తిన్నవారిలో ఆందోళన ఎక్కువగా తగ్గింది. దిగులు పడినప్పుడు ఒంట్లో ఊరే కార్టిసాల్ కూడా రక్తంలో తగ్గింది. అయితే ఆ పరీక్ష చిన్నది, రెండు నెలలతో ముగిసింది. పైగా అక్కడ వాడింది కొలత ప్రకారం తయారుచేసిన సారం. సంతలో చెంచాతో కొలిచి కాగితంలో కట్టి ఇచ్చే పొడికి ఆ ఫలితాన్ని అంటగట్టరాదు.

ఈ గడ్డ అందరికీ పడేదీ కాదు. గర్భిణులు వాడకూడదు. థైరాయిడ్ జబ్బున్నవారు, నిద్రమాత్రలు వాడుతున్నవారు, కాలేయం దెబ్బతిన్నవారు డాక్టరును అడగకుండా ముట్టరాదు. దీన్ని వాడిన కొందరికి కాలేయం దెబ్బతిని కామెర్లు వచ్చిన ఉదంతాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. డెన్మార్క్ ప్రభుత్వం 2023లో ఆహార పదార్థాల్లో దీని వాడకాన్ని నిషేధించింది. మన దేశంలో అలాంటి నిషేధం లేదు. కాని మన ఆయుష్ శాఖ 2021లోనే ఈ మొక్క ఆకులు వాడవద్దని, వేరు మాత్రమే వాడాలని తయారీదారులకు సూచించింది. పొడి చేశాక అందులో కలిసింది వేరో ఆకో కొన్నవాడికి ఎలా తెలుస్తుంది?

‘చెట్టు మందు కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు’ అని పెద్దలు కూడా అంటుంటారు. ఈ నమ్మకం ఎంత పొరపాటో సర్పగంధ చరిత్ర చెబుతుంది. రక్తపోటుకు, మతి చలనానికి ఈ వేరు పనిచేస్తుందని 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ప్రకటించారు. 1952లో దాని నుంచి రిసర్పిన్ అనే మందును వేరుచేశారు. కొన్నేళ్లపాటు ప్రపంచమంతా వాడింది. కాని ఆ మందు వాడినవారిలో కొందరు తీవ్రమైన నిరాశలో కూరుకుపోతున్నారని డాక్టర్లు గమనించారు. క్రమంగా వాడకం తగ్గించారు. మనసును శాంతపరిచే శక్తి ఉన్న వేరుకు మనసును కుంగదీసే శక్తి కూడా ఉండవచ్చు.

ఇక సంతల్లో మైకులు పెట్టి అమ్మే పొట్లాల సంగతి చూద్దాం. నరాల బలహీనత, బి.పి., షుగర్, నిద్రలేమి, అన్నిటికీ ఒకటే చూర్ణం! దాని మీద తయారీదారు పేరుండదు, లైసెన్సు నంబరుండదు, తేదీ ఉండదు. నరాల బలహీనత, రక్తపోటు, మధుమేహం నయం చేస్తామని మందులకు ప్రచారం చేయడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం వచ్చి 70 ఏళ్లు దాటింది. మైకుల మోత మాత్రం ఆగలేదు. ఈ ప్రచారం విని బి.పి. మాత్రలు మానేసి చూర్ణం పట్టేవారికి పక్షవాతం పొంచి ఉంటుంది.

చిరునామా లేని మత్తు ఏం చేస్తుందో తెలంగాణ చూసింది. అక్కడ కల్లులో ఆల్‌ప్రాజోలం వంటి నిద్రమందులు కలిపి అమ్మేవారు. 2015లో అధికారులు కల్తీని అరికట్టగానే నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలాది మంది వణుకుతో, ఫిట్స్‌తో ఆసుపత్రుల పాలయ్యారు. తాము రోజూ తాగుతున్నది ఏమిటో వారిలో ఎందరికి తెలుసు? అందుకే ఏ పొడి అయినా తిన్న గంటకే మొద్దు నిద్ర ముంచుకొస్తే సంతోషించవద్దు, అనుమానించాలి.

అసలు విషయం మరొకటి ఉంది. చూర్ణం నిద్ర పట్టించవచ్చు గాని తెల్లవారి లేచేసరికి అప్పు అలాగే ఉంటుంది. ఎండిన బోరు అలాగే ఉంటుంది. దిగులుకు కారణం బయట ఉండగా మందు లోపలికి మాత్రమే పోస్తే రోగం సగమే కుదురుతుంది. రైతు ప్రాణం తీసుకున్నాక విచారణకు అధికారులు వస్తారు, పరిహారం రాస్తారు. అతనికి నిద్ర పట్టని రాత్రుల్లో పలకరించేవారు కావాలి.

కాబట్టి జిల్లా అధికారులు కొన్ని పనులు వెంటనే చేయాలి. ఔషధ తనిఖీ అధికారులు సంతలకు వెళ్లి పేరులేని పొట్లాలను పరీక్షకు పంపాలి. ప్రభుత్వ ఆయుర్వేద వైద్యశాలల్లో డాక్టరు, మంచి మందులు ఉండేలా చూడాలి. అప్పుడు జనం సంత వైద్యుల వైపు పోరు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మానసిక వైద్యుడు నెలలో ఒక నిర్ణీత రోజున వచ్చి, ఆ రోజేదో ఊళ్లో దండోరా వేయించాలి. ఇంటింటికీ తిరిగే ఆశా కార్యకర్తలు జ్వరం గురించి అడిగినట్టే నిద్ర గురించీ అడగాలి. బ్యాంకులు నోటీసు ఇచ్చే ముందు రైతును పిలిచి వాయిదాల సంగతి మాట్లాడాలి.

2022 నుంచి నడుస్తున్న టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఎవరైనా, ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడతారు. ఈ నంబరును ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద, ప్రతి ఎరువుల దుకాణం ముందు పెద్ద అక్షరాలతో రాయించాలి. ఇందుకు అయ్యే ఖర్చు ఒక డబ్బా రంగు.

రెండు వారాలకు పైగా నిద్ర, ఆకలి లేకపోయినా, బతుకు మీద విరక్తి పుట్టినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. తాను వెళ్లలేని మనిషిని ఇంట్లోవాళ్లు, ఇరుగుపొరుగు వెంటబెట్టుకు పోవాలి. పెన్నేరు పాలు తాగవచ్చు. తాగుతున్న సంగతి డాక్టరుకు చెప్పి తాగితే మేలు.