నిందితుడు వేరు, దోషి వేరు

నిత్యం వార్తల్లో వినిపించే ఎఫ్‌ఐఆర్, రిమాండ్, చార్జిషీట్, బెయిల్ వంటి మాటల అర్థం స్పష్టంగా తెలియకపోవడం వల్లనే అరెస్టయిన ప్రతివారూ నేరస్థులేనన్న అపోహ సమాజంలో బలపడుతోంది. ఎఫ్‌ఐఆర్ అంటే, వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం గురించి పోలీసులకు అందిన తొలి సమాచారాన్ని నమోదు చేసిన పత్రమే తప్ప నేర నిరూపణ కాదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఏ ఠాణా పరిధిలో జరిగినా ఆ సమాచారాన్ని స్వీకరించి, ప్రతిని ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి.

అరెస్టు చేసిన వ్యక్తిని ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం నిర్దేశిస్తుండగా, ఆపై మేజిస్ట్రేటు ఉత్తర్వుతో కొనసాగే నిర్బంధమే రిమాండ్. అది శిక్ష కాదు. దర్యాప్తు ముగించి, ఆరోపణకు ఆధారాలున్నాయంటూ పోలీసులు కోర్టుకు సమర్పించే నివేదిక చార్జిషీట్. మరణశిక్ష, యావజ్జీవం లేదా పదేళ్లకు తగ్గని జైలుశిక్ష పడదగిన నేరాల్లో 90 రోజులు, మిగతా వాటిలో 60 రోజుల్లోగా అది దాఖలు కాకపోతే, నిర్బంధంలో ఉన్న నిందితుడు పూచీకత్తుకు సిద్ధపడిన పక్షంలో, సాధారణంగా బెయిల్ అతని హక్కు అవుతుంది. బెయిల్ వచ్చినంత మాత్రాన కేసు కొట్టేసినట్లు కాదు. వాయిదాలకు హాజరవుతానన్న హామీపై దొరికే తాత్కాలిక విడుదల మాత్రమే.

నేరం రుజువైందని కోర్టు తీర్పు చెప్పేవరకు నిందితుణ్ని దోషిగా ముద్ర వేసే హక్కు పోలీసులకు గాని, పత్రికలకు గాని, ఇరుగుపొరుగుకు గాని లేదు.