ఏ కోవ చిత్రము?

పండుగనాటి సాయంకాలము సంఘములో ఒక తెలుగు చిత్రమును ప్రదర్శింపవలెనన్న మాట వచ్చినపుడెల్ల మన కుటుంబములలో ఒకటే వాదము. పెద్దలు పౌరాణికము కావలెనందురు. నడివయసువారు, జానపదమైనచో పిల్లలును కదలక కూర్చుందురని సర్దిచెప్పుదురు. పిల్లలు మాత్రము ఆ రెండు మాటలకును అర్థమేమని అడుగుదురు. వారు చేతిఫోనులో చూచు చిత్రములు యాక్షన్, డ్రామా, ఫాంటసీ, థ్రిల్లర్ అను గూళ్లలో సర్దబడియుండును. మన మాటలు ఆ గూళ్లమీద లేవు. పిల్లల ప్రశ్నకు జవాబు చెప్పుట మన బాధ్యతయని తలచి ఈ వారము దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

చిత్రపు కోవ యనగా నేమి? అది చిత్రమును తీయువానికిని చూచువానికిని నడుమ ముందుగనే కుదిరిన ఒడంబడిక. గోడపత్రికమీద పౌరాణికమని చదివి టిక్కెట్టు కొన్నవాడు, కథ తనకు తెలిసినదేయని ఎరుగును. పద్యములకును కిరీటములకును సిద్ధపడి వచ్చును. జానపదమన్నచో రాజకుమారియు, మాంత్రికుడును, కత్తియుద్ధమును తప్పవని నమ్మును. సాంఘికమన్నచో మన ఇండ్లవంటి ఇల్లు, మన కష్టములవంటి కష్టము. ఈ ఒడంబడికను ఏ పండితుడును శాసనముగా వ్రాయలేదు. జనము చూడగా చూడగా అది ఏర్పడినది. జనము మారగా అదియు మారినది.

ఈ విభాగము తెలుగువారికి సినిమాతో వచ్చినది కాదు, నాటకరంగము ఇచ్చినది. ఆ రంగమునకు ఒక పుట్టినిల్లు బళ్లారి. ఆంధ్ర నాటక పితామహుడని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు అక్కడ న్యాయవాదిగా ఉండి, సరసవినోదినీ సభకు నాటకములు వ్రాసిరి. అదే ఊరిలో కోలాచలము శ్రీనివాసరావుగారు విజయనగర పతనమును గూర్చి ‘రామరాజు చరిత్రము’ రచించి, చారిత్రక నాటకమునకు దారి తీసిరి. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. ఎల్లలు మారినను ఆ నాటకముల వారసత్వము తెలుగువారందరిదిగా నిలిచినది.

1932లో వెలువడిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ధర్మవరమువారి నాటకమే ఆధారము. దానిని హెచ్. ఎం. రెడ్డిగారు బొంబాయిలో తీసిరి. తరువాత పలు దశాబ్దములు తెలుగు చిత్రములకు మద్రాసు ప్రధాన కేంద్రమయ్యెను. కాబట్టి తెలుగు చిత్రములు ఎక్కడివో తెచ్చుకొన్న సరుకన్నట్లు మనము దూరముగా నిలువనక్కరలేదు. నేటి రెండు తెలుగు రాష్ట్రముల ఎల్లలకు వెలుపల, మనము నివసించుచున్న ఊళ్లలోనే వాటి మొదటి అధ్యాయములు వ్రాయబడినవి.

తొలినాళ్లలో చిత్రమన్న పౌరాణికమే. 1936లో ‘ప్రేమవిజయము’తో సాంఘికము మొదలయ్యెను. 1938లో గూడవల్లి రామబ్రహ్మముగారి ‘మాలపిల్ల’ అస్పృశ్యతను ఎదిరించినది. మరుసటి సంవత్సరము ఆయనయే తీసిన ‘రైతుబిడ్డ’ జమీందారీ పెత్తనమును ప్రశ్నించినది. బళ్లారి రాఘవగారు అందులో నటించిరి. కొన్ని ప్రాంతములలో ఆ చిత్రము నిషేధమునకు గురియైనది. సాంఘికమను మాటకు ఆనాడట్టి పదునుండెను. దేవతలను విడిచి మనుష్యుల కథ చెప్పుచున్నామనుటయే ఒక సాహసము.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. ఒక కోవకు పేరు నిలుచుట, దానికి ఎదురుగా ఇంకొక కోవ ఉన్నంతకాలమే. పౌరాణికములు, జానపదములు విరివిగా వచ్చుచున్నంతవరకు మిగిలిన వాటినన్నిటిని సాంఘికమని పిలుచుట చాలెను. ‘దేవదాసు’ కన్నీరును, ‘గుండమ్మ కథ’ నవ్వును ఒకే పేరు క్రింద ఇమిడినవి. క్రమముగా చిత్రములలో అత్యధికము సాంఘికములే అయిన పిమ్మట ఆ పేరుతో పనిలేకపోయెను. అందరును పంచెకట్టు వారైన ఊరిలో ఒకనిని ‘పంచెకట్టువాడు’ అని పిలిచి ప్రయోజనమేమి? అందువలన కుటుంబకథ, ప్రేమకథ, హాస్యము, నేరపరిశోధనము అను చిన్న పేర్లు ముందుకు వచ్చినవి. సాంఘికము చావలేదు, గెలిచి పేరు పోగొట్టుకొన్నది.

కోవల నడుమ గోడలు ఏనాడును ఎత్తైనవి కావు. 1957 నాటి ‘మాయాబజార్’ పౌరాణికమని ప్రసిద్ధి. కాని శశిరేఖాభిమన్యుల పరిణయము వ్యాసభారతమున లేదు. చిత్రములో పాండవులైదుగురును కనుపింపరు. వియ్యాలవారి గొప్పలు, విడిది మర్యాదలు, వంటకముల సందడి చూచినచో అది మన ఇంటి పెండ్లియే. పురాణపు ఒడంబడికను నిలుపుకొనుచునే లోపల సాంఘికమును నడిపిన నేర్పది. 1991లో సింగీతము శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’ ఒక కాలయంత్రమునెక్కించి మనలను కృష్ణదేవరాయల కొలువునకు కొనిపోయి, చారిత్రకమును విజ్ఞానకల్పనతో ముడివేసెను. 2015లో ‘బాహుబలి’ వచ్చినపుడు ప్రచారములో కొత్త పేర్లెన్నియో వినబడినవి. మన పెద్దలు మాత్రము కల్పిత రాజ్యము, ఇతరుల ఇంట పెరిగిన రాకుమారుడు, అపహృతమైన సింహాసనము చూచి, ఇది జానపదమేకదా యనిరి. వారి మాట సరియైనది. కోవలు నశింపవు, వేషము మార్చుకొని తిరిగివచ్చును.

ఇంతవరకు చెప్పినది వినోదముగానే ఉండును. కాని కోవ గట్టిపడి మూసయైనపుడు దాని బరువు మనుష్యులమీద పడును. దీనికి మనకు మిక్కిలి దగ్గరి ఉదాహరణము ఫ్యాక్షన్ చిత్రము. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’ ఘనవిజయము పొందిన పిమ్మట రాయలసీమ పగలను చూపు చిత్రములు వరుసగా వచ్చినవి. బాంబులు, వేటకొడవళ్లు, గాలిలోనికి లేచు వాహనములు ఆ కోవకు గుర్తులైనవి. సీమలో కక్షలు జరుగలేదని మేమనుట లేదు. వానిలో కూలిన కుటుంబములున్నవి. కాని ఒక సీమ బ్రదుకంతయు అదియేయన్నట్లు ఒకే బొమ్మను మరల మరల చూపుట న్యాయము కాదు. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక ఆ సీమలోనిదే. వానకై ఆకాశమువంక చూచుచు వేరుసెనగ పండించు రైతు ఆ సీమవాడే.

ఇది మనకేల యనరాదు. బళ్లారి, కోలారు ప్రాంతములలో మన ఇండ్లలో పలుకు తెలుగు ఆ సీమ తెలుగునకు చుట్టమే. ఆ పలుకు వినబడగానే పరిహాసమో భయమో కలుగునట్లు ఒక కోవ ప్రేక్షకులకు అలవాటు చేసినచో, మన బిడ్డ తన అవ్వ మాటను నలుగురిలో పలుకుటకు వెనుదీయును. పాఠశాలలో తెలుగు చాలినంత దొరకని బిడ్డకు ఇంటి పలుకే ఆధారము. దానిని సిగ్గుపడదగినదిగా చేయుట కొమ్మను కాక మొదలునే నరుకుట.

ఐనను ప్రేక్షకుడు నిస్సహాయుడు కాడు. ఒకే మూసకు విసిగిన జనమును గమనించియే తీయువారును త్రోవ మార్చిరి. 2010లో ‘మర్యాద రామన్న’ పగవాని ఇంట చిక్కుకొన్న పిరికివాని కథగా ఫ్యాక్షన్‌ను నవ్వులలోనికి దింపెను. 2018లో ‘అరవింద సమేత’ పగను ఆపుట ఎట్లని ప్రశ్నించెను. 2021లో ‘సినిమా బండి’ ఆంధ్ర కర్ణాటక సరిహద్దు పల్లెలో ఒక ఆటో నడుపువానికి దొరికిన కెమెరా కథను, ఆ సరిహద్దు పలుకులోనే చెప్పెను. అందులో కత్తి లేదు, బాంబు లేదు. ఊరంతయు కలిసి సినిమా తీయబోవుటయే కథ. అదే పలుకు, వేరొక కోవ. చూచినవారికి ఆ పలుకు ముద్దుగానే తోచెను.

కావున మా సూచన చిన్నది. సంఘములలో చిత్రము ప్రదర్శించునపుడు పాతది, కొత్తది అను రెండు మూటలుగా కట్టవద్దు. ఒక పౌరాణికమును, ఒక జానపదమును, ఒక సాంఘికమును ఏడాదిలో వంతులవారీగా చూపుడు. మొదలుపెట్టుటకు ముందు ఒక పెద్ద లేచి, ఇది వచ్చిననాడు దీనిని ఏమని పిలిచిరో, ఎందులకట్లు పిలిచిరో అయిదు నిమిషములు చెప్పవలెను. ముగిసిన తరువాత పిల్లలను, మీరైతే దీనికేమి పేరు పెట్టెదరని అడుగవలెను. వారు ఫాంటసీ యన్నను కసరవద్దు; జానపదమను మాటను దాని ప్రక్కన ఉంచుడు. రెండు పేర్లు తెలిసినవానికి చిత్రము రెండు వైపులనుండి కనుపించును.

కోవల పేర్లను నిలిపినవారు ప్రేక్షకులే, మార్చినవారును ప్రేక్షకులే. తెలుగు చదువు సన్నగిల్లుచున్న మన ఇండ్లలో ఒక చిత్రమును చూచి మన మాటతో దానిని పిలువగలుగుటయు భాషను నిలుపుకొనుటయే. రానున్న పండుగకు చిత్రమును ఎన్నుకొనువారు ఈ మాటను మనస్సునందుంచుకొందురని ఆశించుచున్నాము.