నవగ్రహములలో లేని గ్రహము

నెప్ట్యూను గ్రహమును గూర్చి పిల్లలు అడుగు ప్రశ్నలు నాలుగే. అది కంటికి కనబడునా? ఎంత దూరమున నున్నది? నీలముగా నేల యుండును? మన నవగ్రహములలో అది యేది? మొదటి మూడింటికి మన యిండ్లలో సమాధానము దొరకుట యరుదు. నాల్గవదానికి మాత్రము తడవు లేక వచ్చును: “ఋషులకు తెలియనిదేమున్నది? అది వరుణుడే.” ఈ సమాధానమునే నేను ఖండించుచున్నాను.

ముందు పిల్లల ఋణము తీర్తము. నెప్ట్యూను వట్టి కంటికి కానరాదు. సూర్యునికి దాదాపు 450 కోట్ల కిలోమీటరుల దూరమున తిరుగుచున్నది. సూర్యకాంతి యచ్చటికి చేరుటకు నాలుగు గంటలకు పైగా పట్టును. ఒక్క ప్రదక్షిణమునకు సుమారు 165 సంవత్సరములు. దాని వాయుమండలములోని మిథేను ఎర్రని కాంతిని మ్రింగివేయుటయే నీలిమకు ముఖ్యకారణము. 1989 ఆగస్టులో వాయేజరు-2 దాని చెంతగా పోయి చిత్రములను పంపినది.

ఇక నాల్గవ ప్రశ్న. యురేనసు లెక్క తప్పి నడచుచుండగా, దానిని లాగుచున్న గ్రహము వేరొకటి యుండవలెనని ఫ్రాన్సులో లెవెరియే, ఇంగ్లండులో ఆడమ్సు వేరువేరుగా గణించిరి. లెవెరియే జాబు చేరిన రాత్రియే, 1846 సెప్టెంబరు 23న, బెర్లిను వేధశాలలో గాలె వెదకగా, చెప్పిన చోటికి ఒక్క డిగ్రీ లోపుగా నది కనబడెను. గెలీలియో 1612లోనే దూరదర్శినితో దానిని చూచియు నక్షత్రమే యనుకొనెను. అందుచేత ఆయన కీర్తికేమి లోపము వచ్చినది? దూరదర్శినియే లేని మన పూర్వులు దాని నెరుగకుండుట మాత్రము తలవంపు ఎట్లగును?

రోమీయుల సముద్రదేవత పేరు గల యీ గ్రహమునకు మనవారిలో కొందరు వరుణుడనియు, కొందరు ఇంద్రుడనియు పిదప పేరిడిరి. ఋషులు పెట్టిన పేరే యైనచో రెండేల? గ్రహణములకు కారణము నీడలేయని చెప్పిన ఆర్యభటునకు, ఆయన చెప్పని మాట నంటగట్టుట గౌరవము కాదు.

నెప్ట్యూనును జాతకచక్రములో చేర్చు నూతన జ్యోతిష్కులు కూడ బయలుదేరినారు. వారికి ఉభయతఃపాశరజ్జువు తప్పదు. అది మనుష్యుల భాగ్యమును నిర్ణయించునందురా, దాని నెరుగక వ్రాసిన పూర్వపు జాతకములన్నియు అసంపూర్ణములే. నిర్ణయింపదందురా, కుజునికంటె 150 రెట్లకు మించిన బరువు గల గ్రహము ఊరకుండగా, ఆ చిన్న కుజుడు మన యాడుబిడ్డల వివాహముల నేల చెరుపవలెను?

ఇది వినోదపు వాదము కాదు. కుజదోషమని తిరిగిపోయిన సంబంధములను లెక్కించుకొనుచు గదిలో కూర్చున్న కన్యలు మన యిండ్లలోనే యున్నారు. పట్టభద్రులైన తండ్రులే శాంతులకు అప్పు చేయుచున్నారు.

గ్రహమనగా పట్టుకొనునదని వ్యుత్పత్తి. నెప్ట్యూను ఎవరిని పట్టుకొనలేదు. మనుజుని గణితమే దానిని పట్టుకొన్నది. కావున తల్లులారా, తండ్రులారా, బిడ్డ అడిగినపుడు తెలిసినంత చెప్పుడు. తెలియనిచో “తెలియదు, కలసి వెదకుదము” అనుడు. ఆ బిడ్డ పెండ్లినాడు జాతకము చేతికి వచ్చినపుడును ఆ మాటయే యనుడు.